వెయ్యి పాసుల గోల

2022 డిసెంబరు 6, మంగళవారం రాత్రి. ఖతార్ ప్రపంచకప్పులో స్పెయిన్ – మొరాకో నాకౌట్ మ్యాచ్. మనకి ఎనిమిదిన్నరకి మొదలైంది, పదకొండైనా తేలలేదు. అదనపు సమయం కూడా అయిపోయి 0-0 మీద పెనాల్టీ షూటౌట్‌కి వెళ్ళారు. సరాబియా కొట్టింది పోస్టుకి తగిలింది. సోలెర్ కొట్టింది, బుస్కెట్స్ కొట్టింది మొరాకో కీపర్ బూనూ ఆపేశాడు. ఆఖరున హకీమీ వచ్చి, స్పెయిన్ కీపర్ ఓ పక్కకి దూకుతుంటే, బంతిని నింపాదిగా గోలు మధ్యలోకి తేల్చి పడేశాడు. 3-0. స్పెయిన్ ఇంటికి.

మర్నాడు పొద్దున్నే మా టీములో కుర్రాడి దగ్గర్నుంచి మెసేజి: "అన్నా, మీ వాళ్ళు వెయ్యోపాసు ఎయిర్‌పోర్టుకి వేసినట్టున్నారు."

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. ఎందుకంటే ఆ మ్యాచ్‌లో స్పెయిన్ నిజంగానే వెయ్యికి పైగా పాసులు వేసింది. నాలుగింట మూడొంతుల సేపు బంతి వాళ్ళ దగ్గరే ఉంది. నూట ఇరవై నిమిషాల్లో గోలు మీదకి సరిగ్గా వెళ్ళిన షాటు మాత్రం ఒక్కటంటే ఒక్కటి.

మొన్న క్యాంటీన్లో మళ్ళీ అదే వాదన. "పొజెషన్ ఆట చచ్చిపోయిందన్నా, ఇంకా దాన్ని పట్టుకుని వేలాడతారేంటి" అన్నాడు అదే కుర్రాడు. 2010 నుంచి స్పెయిన్ తరఫున ఇలాంటి వాదనలు ఎన్ని చేశానో లెక్కలేదు. ఎక్కువసార్లు గెలిచాను కూడా, గొంతు పెద్దది కాబట్టి :-) కానీ ఈసారి ఇంటికొచ్చాక తీరిగ్గా ఆలోచిస్తే, వాడి మాటా పూర్తిగా నిజం కాదు, ఇన్నాళ్ళూ నేను చెబుతూ వచ్చిందీ పూర్తిగా నిజం కాదు అనిపించింది. అందుకే ఈ టపా.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను.

2018 జులై 1, ఆదివారం. మాస్కో లుజ్నికి స్టేడియంలో రష్యాతో స్పెయిన్ ఆడింది. అప్పుడూ వెయ్యి దాటిన పాసులే. 1-1, అదనపు సమయం, పెనాల్టీలు. రష్యా కీపర్ అకిన్‌ఫెయెవ్ రెండు ఆపాడు, అందులో అస్పాస్ కొట్టినదాన్ని కాలితో ఆపాడు. 4-3తో రష్యా గెలిచింది. సోమవారం ఆఫీసులో నేను చెప్పిన సాకులు రెండు: ఒకటి, పెనాల్టీలు లాటరీ. రెండు, టోర్నీలో తొలి మ్యాచ్‌కి రెండు రోజుల ముందు కోచ్ లోపెతెగీని తీసేసి హియెర్రోని కూర్చోబెడితే ఏ జట్టు మాత్రం ఆడుతుంది?

రెండోది కొంత నిజమే. మొదటిది మాత్రం నన్ను నేను మోసం చేసుకోవడం. లాటరీ టికెట్టు కొనే దాకా ఎందుకు వచ్చింది అన్నది అసలు ప్రశ్న. ఒక్క లెక్క చూడండి. రష్యా మ్యాచ్, మొరాకో మ్యాచ్ కలిపితే 240 నిమిషాల ఆట, రెండు వేలకి పైగా పాసులు. అంతసేపట్లో స్పెయిన్ ఆటగాడు ఎవడూ ఒక్క గోలు కూడా కొట్టలేదు! రష్యా మీద వచ్చిన ఆ ఒక్క గోలు కూడా ఫ్రీకిక్‌కి రామోస్‌తో కలబడుతూ రష్యా డిఫెండర్ ఇగ్నాషెవిచ్ తన గోలులోకే వేసుకున్నది.

ఒకసారి జరిగితే దురదృష్టం. నాలుగేళ్ళ తర్వాత, వేరే కోచ్‌తో, చాలావరకు వేరే ఆటగాళ్ళతో, అచ్చంగా అదే జరిగితే దాన్ని మన భాషలో బగ్ అంటాం. రిప్రొడ్యూస్ అవుతోంది కాబట్టి పట్టుకోవచ్చు కూడా.

ఇంకో తమాషా. మొరాకో మ్యాచ్‌కి ముందు రోజు కోచ్ లూయిస్ ఎన్రికే విలేకరులతో, మీ మీ క్లబ్బుల్లో వెయ్యేసి పెనాల్టీలు ప్రాక్టీసు చేసి రండి అని ఆటగాళ్ళకి ముందే హోంవర్కు ఇచ్చానన్నాడు. పాసులు వెయ్యి, ప్రాక్టీసు పెనాల్టీలు వెయ్యి, షూటౌట్‌లో గోల్స్ సున్నా.

సరే, అసలు విషయానికొద్దాం. బంతి అంతసేపు దగ్గరుంచుకుని గోలు కొట్టలేకపోవడానికి ఆటలో ఏం జరుగుతుంది?

గోడ ముందు గుర్రపు లాడం

మైదానం వెడల్పు 68 మీటర్లు. బలహీనమైన జట్టు, లేదా తెలివైన జట్టు, ఏం చేస్తుందంటే, పదిమందినీ వెనక్కి పిలిచి పెనాల్టీ బాక్సు ముందు రెండు వరసల గోడ కడుతుంది. ఆ గోడ 68 మీటర్లూ కాయదు. బంతి ఎటుంటే అటు ముప్ఫై నలభై మీటర్ల మేర దట్టంగా జరుగుతుంది, అవతలి అంచుని వదిలేస్తుంది. బంతి అటు వెళ్ళేలోపు మేమూ జరిగిపోతాంలే అని ధీమా.

మొరాకో చేసింది ఇదే. స్ట్రయికర్ ఎన్-నెసిరి స్పెయిన్ సెంటర్ బ్యాకుల మీదకి పరిగెత్తి శ్రమ పడలేదు. ఎక్కువసేపు బుస్కెట్స్‌కి వెళ్ళే దారి మూసి నిలబడ్డాడు. డిఫెన్స్ ముందు అమ్రాబాత్ కాపలా. రెక్కల మీద ఆడే జియెచ్, బూఫాల్ కూడా వెనక్కి వచ్చి తమ ఫుల్‌బ్యాకులకి తోడు నిలిచారు. స్పెయిన్ సెంటర్ బ్యాకులు రోద్రి, లపోర్త్‌లకి మాత్రం "మీరు కావలసినంతసేపు ఉంచుకోండి బాబూ" అని బంతి వదిలేశారు.

అప్పుడు బంతి ప్రయాణం ఎలా ఉంటుందంటే: సెంటర్ బ్యాక్ నుంచి ఫుల్‌బ్యాక్‌కి, అక్కణ్ణుంచి వింగర్‌కి, అక్కడ ఇద్దరు మూసేస్తారు కాబట్టి మళ్ళీ వెనక్కి, అటు పక్క సెంటర్ బ్యాక్‌కి, అటు ఫుల్‌బ్యాక్‌కి, అటు వింగర్‌కి, మళ్ళీ వెనక్కి. పైనుంచి చూస్తే గుర్రపు లాడం గీసినట్టుంటుంది. గోడ చుట్టూ తిరగడమే తప్ప లోపలికి పోవడం లేదు. గానుగెద్దు కూడా రోజంతా నడుస్తుంది, సాయంత్రానికి పొద్దున్న ఉన్నచోటే ఉంటుంది. పాపం దాని నడకకి నూనె అన్నా వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఇన్ని పాసులు వేస్తే అవతలివాళ్ళు అలిసిపోతారు కదా అని. బంతి వేగంగా తిరిగితే అలిసిపోతారు. ఒక చివర్నుంచి రెండో చివరికి రెండు మూడు పాసుల్లో వెళ్ళిపోతే గోడ జరిగే లోపు సందు దొరుకుతుంది. కానీ ప్రతివాడూ బంతిని ఆపి, తల ఎత్తి చూసి, రెండు సార్లు తాకి, పక్కవాడికి ఇస్తుంటే గోడ నడుచుకుంటూ జరుగుతుంది. పరిగెత్తక్కర్లేదు. నెమ్మదిగా తిరిగే బంతి వాళ్ళకి ఇచ్చే విశ్రాంతి. మన ఓపికే అరిగేది.

కూతకెళ్ళావా, షికారుకెళ్ళావా?

మా ఊళ్ళో సంక్రాంతికి కబడ్డీ పోటీలు జరిగేవి. కొందరు ఉండేవాళ్ళు, కూతకెళ్ళి నడిగీత దాటి నాలుగడుగులు వేసి, అటూ ఇటూ చేతులూపి, ఎవర్నీ తాకకుండా భద్రంగా వెనక్కి వచ్చేసేవాళ్ళు. పట్టుబడలేదు, ఊపిరి పోలేదు, పాయింటూ పోలేదు. చూడ్డానికి అంతా బానే ఉంది. రెండు మూడు సార్లయ్యాక గట్టు మీద కూర్చున్న పెద్దాళ్ళు అరిచేవాళ్ళు, "ఒరేయ్, కూతకెళ్ళావా, షికారుకెళ్ళావా?" అని.

ప్రో కబడ్డీలో దీనికి నిబంధనే పెట్టారు. ఒక జట్టు వరసగా రెండు ఖాళీ రైడ్లు చేస్తే మూడోది డూ ఆర్ డై. పాయింటు తేవాలి, లేకపోతే ఔట్. బాస్కెట్‌బాల్‌లో 24 సెకన్లలో షాటు కొట్టాలి. హ్యాండ్‌బాల్‌లో ఊరికే బంతి తిప్పుతూ కూర్చుంటే రిఫరీ హెచ్చరించి, అప్పటికీ మారకపోతే బంతి అవతలివాళ్ళకి ఇచ్చేస్తాడు. ఫుట్‌బాల్‌లో మాత్రం ఇలాంటి నిబంధన లేదు. ఎంతసేపైనా షికారు చెయ్యొచ్చు. కాబట్టి గట్టు మీది పెద్దాయన మన బుర్రలోనే ఉండాలి.

అలాగని షికారుకి విలువే లేదని కాదు. 2010లో స్పెయిన్ ప్రపంచకప్పు గెలిచింది సగం ఇలాగే. నాకౌట్‌లో పోర్చుగల్, పరాగ్వే, జర్మనీ, నెదర్లాండ్స్, నాలుగు మ్యాచులూ 1-0. నాలుగింట్లో ఒక్క గోలు కూడా ఇవ్వలేదు. బంతి మన దగ్గరుంటే అవతలివాడు గోలు కొట్టలేడు, అంతే సూత్రం. అంటే మనందరం అటాక్ అనుకుని మురిసిపోయిన ఆ పాసుల ఆట నిజానికి ప్రపంచంలోకెల్లా గొప్ప డిఫెన్స్. మొత్తం ఏడు మ్యాచుల్లో వాళ్ళు కొట్టినవి 8 గోల్స్. ప్రపంచకప్పు గెలిచిన జట్లన్నింటిలోకీ తక్కువ.

ఆ టోర్నీ మొదటి మ్యాచ్‌లోనే జబ్బు లక్షణం కనబడింది కూడా. స్విట్జర్లాండ్ గోడ కట్టుకుని కూర్చుంది, ఒక్క దాడిలో గెల్సన్ ఫెర్నాండెస్ గోలు వేశాడు, స్పెయిన్ 0-1తో ఓడింది. తర్వాత కప్పు గెలిచేసరికి ఆ మ్యాచ్‌ని అందరం మర్చిపోయాం. గెలిచినవాడి రిపోర్టులో వార్నింగులు ఎవడు చదువుతాడు?

అందరూ మర్చిపోయిన మనిషి

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న మాట. ఆ 2010 జట్టు అంటే మీకెవరు గుర్తొస్తారు? షావి, ఇనియెస్తా. నాకూ అంతే. కానీ ఆ ఎనిమిది గోల్స్‌లో ఐదు కొట్టింది డేవిడ్ వియ్యా. వియ్యా ఏం చేసేవాడు? ఎడమ పక్క నుంచి డిఫెండర్ల వెనక్కి పరిగెత్తేవాడు. పదిసార్లు పరిగెడితే తొమ్మిది సార్లు బంతి రాదు. చెయ్యెత్తి, తల దించుకుని, మళ్ళీ నడుచుకుంటూ తన చోటికి వచ్చేవాడు. ఆ తొమ్మిది పరుగులు ఏ లెక్కలోకీ రావు. కానీ వాడు పరిగెత్తిన ప్రతిసారీ డిఫెన్స్ వరస రెండడుగులు వెనక్కి వేసేది. ఆ రెండడుగుల ఖాళీలోనే షావి, ఇనియెస్తా అంత హాయిగా తిరిగింది.

2012 యూరో కప్పు ఫైనల్ గుర్తుందా? ఇటలీ మీద 4-0. స్పెయిన్ అసలు స్ట్రయికర్ లేకుండా, ఫాబ్రెగాస్‌ని ముందుపెట్టి ఆడింది. చూశారా, స్ట్రయికర్ కూడా అక్కర్లేదు, అందరూ మిడ్‌ఫీల్డర్లయితే చాలు అని చాలామందిమి గంతులేశాం. కానీ రెండో గోలు చూడండి. లెఫ్ట్ బ్యాక్ జోర్డీ ఆల్బా తన సగంలోంచి పరుగు ఎత్తుకుని ఇటలీ డిఫెన్స్ మధ్యలోంచి దూసుకెళితే షావి బంతిని వాడి దారిలో పెట్టాడు. స్ట్రయికర్ లేకపోయినా పరిగెత్తేవాడు ఉన్నాడు. మేం గమనించింది స్ట్రయికర్ లేకపోవడం. గమనించనిది ఆ పరుగు.

అక్కణ్ణుంచి మెల్లగా ఏం జరిగిందంటే, మెచ్చుకున్నది పాసుల్ని కాబట్టి ఎంచుకున్నది పాసర్లని. 2018 రష్యా మ్యాచ్‌లో ఇస్కో, డేవిడ్ సిల్వా, అసెన్సియో, కోకే, బుస్కెట్స్, అందరూ బంతి కాళ్ళ దగ్గరికి కావాలనేవాళ్ళే. ముందు డియెగో కోస్తా ఒక్కడూ ముగ్గురు సెంటర్ బ్యాకుల మధ్య ఇరుక్కుని నిలబడ్డాడు. వింగర్లుగా ఉండాల్సినవాళ్ళు కూడా బంతి కోసం మధ్యలోకి వచ్చేస్తే ఏమవుతుంది? వాళ్ళతో పాటు వాళ్ళని కాసే డిఫెండర్లు కూడా మధ్యలోకి వస్తారు. అమీర్‌పేట సెంటర్లో సాయంత్రం ఆరింటికి కారు తిప్పుదామని చూసినట్టుంటుంది.

డిఫెండర్ జీవితంలో రెండే కష్టాలు. ఒకటి, ఎదురుగా ఒంటరిగా ఒకడు బంతితో వచ్చి "నన్ను దాటనిస్తావా లేదా" అనడం. రెండు, వెనక్కి తిరిగి తన గోలు వైపు పరిగెత్తాల్సి రావడం. ఈ రెండూ లేకపోతే మీరు వెయ్యి కాదు, పదివేల పాసులు వేసినా వాడికి చెమట పట్టదు. 2022 టోర్నీలో కోస్టారికా మీద స్పెయిన్ 7-0 గెలిచింది చూడండి. ఆ మ్యాచ్‌లోనూ పాసులు వెయ్యి దాటాయి. అంటే పాసులు మంచివీ కాదు, చెడ్డవీ కాదు. కోస్టారికా గోడకి సందులున్నాయి, పరిగెత్తినవాడికి దారి దొరికింది. మొరాకో గోడకి సందుల్లేవు. అలాంటి గోడని కదిలించే మనిషిని స్పెయిన్ మొదట్నుంచీ దింపలేదు.

దింపలేదు అని ఎందుకంటున్నానంటే, ఆ మనిషి బెంచి మీద ఉన్నాడు. నికో విలియమ్స్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు 75వ నిమిషంలో వచ్చాడు. వచ్చినప్పట్నుంచీ డిఫెండర్ మీదకి బంతితో నేరుగా వెళ్ళాడు. అదనపు సమయం చివర్లో, పెనాల్టీల కోసమని, వాణ్ణే తీసేసి సరాబియాని దింపారు. ఆ సరాబియా చివరి క్షణాల్లో ఒకసారి, షూటౌట్‌లో మరోసారి పోస్టుకే కొట్టాడు. ఆ పేరు, నికో, గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తాడు.

బంతి పోయిన తర్వాత ఐదు సెకన్లు

గోలు రాకపోవడం ఒక ఎత్తు, గోలు పడటం ఇంకో ఎత్తు. బంతి మన దగ్గరున్నప్పుడు మనవాళ్ళు ఎనిమిది మంది అవతలి సగంలో ఉంటారు. వెనకాల సగం మైదానం ఖాళీ. బంతి పోయిన క్షణంలో దగ్గరున్న ఇద్దరు ముగ్గురు మీదపడి వెంటనే లాక్కోవాలి, లేదా వెనకున్న ఇద్దరు ముగ్గురు ముందే సరైన చోట నిలబడి ఉండాలి. రెండూ జరగకపోతే ఒక్క పొడుగు పాసు చాలు.

2014లో నెదర్లాండ్స్ 5-1తో ఓడించినప్పుడు జరిగింది ఇదే. స్పెయిన్ డిఫెన్స్ వరస మైదానం మధ్యదాకా వచ్చి నిలబడింది. బ్లిండ్ ఎడమ పక్కనుంచి ఓ పొడుగు బంతి వేశాడు, వాన్ పెర్సీ చేపలా గాల్లోకి ఎగిరి తలతో తేల్చేశాడు. ఆ తర్వాత రాబెన్ పరుగులు. మనకి అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైన మ్యాచ్ అది. లీగ్ మ్యాచే కదా, మొదటి సగం చూసి పడుకుందామనుకున్నవాణ్ణి నిద్ర లేకుండా చేశారు.

2022లో జపాన్ చేసింది ఇంకో రకం. మొదటి సగమంతా బంతి ఇచ్చేసి కూర్చున్నారు. 0-1. రెండో సగానికి దోవాన్‌ని, మితోమాని దింపి, ఒక్కసారిగా స్పెయిన్ డిఫెన్స్ మీద పడ్డారు. కీపర్ తేల్చి ఇచ్చిన పాసుని బాల్దే దగ్గర ఇతో లాగేశాడు, దోవాన్ బాక్సు బయట్నుంచి కొట్టాడు. 48వ నిమిషం. 51వ నిమిషంలో తనాకా రెండోది. మితోమా దాదాపు గీత దాటిపోయిన బంతిని వెనక్కి లాగి ఇస్తే వచ్చింది. మూడు నిమిషాల పని. ఆ మ్యాచ్‌లో జపాన్ దగ్గర బంతి ఉన్నది 17.7 శాతం మాత్రమే. ప్రపంచకప్పులో అంత తక్కువ పొజెషన్‌తో ఎవరూ గెలవలేదు.

ఇక్కడ నాకు తట్టేది ఏమిటంటే, పై రెండు జబ్బులకీ మూలం ఒకటే. బంతి పోగొట్టుకోకూడదనే భయం. భయంతో వేసే పాసు నెమ్మదిగా ఉంటుంది, పక్కకే ఉంటుంది, వెనక్కే ఉంటుంది. వెనక్కి వెనక్కి వెళ్ళి కీపర్ దాకా వెళితే, చివరికి బంతి పోయేది మన గోలు ముందే. అవతలి బాక్సు దగ్గర బంతి పోతే వచ్చే నష్టం ఎంత? అదే మన బాక్సు దగ్గర పోతే? లెక్క మీరే వేసుకోండి.

మన ఆఫీసు సంగతి కాసేపు

నేనీ గోడు ఇక్కడ ఎందుకు వెళ్ళబోసుకుంటున్నానో మీలో కొందరికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కొన్నేళ్ళ కిందట నేనో ప్రాజెక్టులో ఉన్నాను. మూడు నెలలపాటు ప్రతి వారం స్టేటస్ పచ్చగా ఉండేది. టికెట్టు డెవలపర్ నుంచి టెస్టర్‌కి, టెస్టర్ నుంచి అనలిస్టుకి, అనలిస్టు నుంచి "క్లారిఫికేషన్ కావాలి" అని మళ్ళీ డెవలపర్‌కి. ఎవడి దగ్గరా ఒక రోజుకి మించి ఆగేది కాదు. అందరూ బిజీ. మూడు నెలల తర్వాత చూస్తే రిలీజ్ అయింది ఏమీ లేదు. గుర్రపు లాడం!

మరీ బాధేమిటంటే, ఆ టీములో ఒకమ్మాయి ఉండేది. క్లయింటు ఏం అడుగుతున్నాడో తేల్చడానికి తనే చొరవ చేసి మాట్లాడేది, ప్రోటోటైపులు కట్టి చూపించేది. పదింట్లో తొమ్మిది పారేసేవాళ్ళు. టికెట్లు మూసిన లెక్కలో ఆమెది ఆఖరి పేరు. అప్రైజల్‌లో ఏం వచ్చి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ అప్రైజల్ మీటింగులో నేనూ ఉన్నాను, నోరు మెదపలేదు. ఆమె వెళ్ళిపోయాక తెలిసింది, మిగతా మేమందరం హాయిగా పాసులు వేసుకున్నది ఆమె పరిగెత్తి తెరిచిన ఖాళీలో అని. వియ్యా గురించి నాకు బుద్ధొచ్చింది ఫుట్‌బాల్ చూసి కాదు.

ఏది లెక్కపెడితే అది పెరుగుతుంది. పాసులు లెక్కపెడితే పాసులు పెరుగుతాయి.

మరి చచ్చిపోయిందా?

2024 యూరో కప్పు. కొత్త కోచ్ దె లా ఫుయెంతే. మొదటి మ్యాచ్ క్రొయేషియా మీద 3-0. విశేషం ఏమిటంటే ఆ మ్యాచ్‌లో స్పెయిన్ దగ్గర బంతి క్రొయేషియా దగ్గరకన్నా తక్కువ సేపు ఉంది. 2008 యూరో ఫైనల్ తర్వాత, పోటీ మ్యాచుల్లో 136 మ్యాచులపాటు అలా జరగలేదు. మావాడు "చూశావా, వదిలేశారు కాబట్టే గెలిచారు" అన్నాడు.

నేనంటాను, ఆ మ్యాచ్ చూడకు, జార్జియా మ్యాచ్ చూడు. జార్జియా అచ్చం మొరాకోలా, రష్యాలా గోడ కట్టింది. పైగా స్పెయిన్ డిఫెండర్ లె నోర్మాన్ సొంత గోలు వేసుకుని 0-1. పాత స్పెయిన్ అయితే ఇక్కడ వణికి వెయ్యి పాసులు మొదలుపెట్టేది. ఈ స్పెయిన్ కూడా బంతిని తన దగ్గరే ఉంచుకుంది. కానీ ఎడమ గీత మీద నికో విలియమ్స్, కుడి గీత మీద పదహారేళ్ళ యమాల్. ఇద్దరూ మధ్యలోకి రారు, గీత పట్టుకుని నిలబడతారు. బంతి అందగానే ఎదురున్నవాడి మీదకి వెళతారు. ఒక్కడు చాలడు కాబట్టి ఇద్దరు వెళ్ళాలి. ఇద్దరు అటెళితే మధ్యలో సందు. ఆ సందులో రోద్రి ఒకటి కొట్టాడు. మధ్యలోంచి బాక్సులోకి పరుగెత్తుకొచ్చిన ఫాబియాన్ తలతో ఇంకోటి. తర్వాత నికో, ఓల్మో. 4-1.

ఫైనల్లో ఇంగ్లండ్ మీద మొదటి గోలు యమాల్ కుడి నుంచి లోపలికి వచ్చి అడ్డంగా వేస్తే ఎడమ నుంచి దూసుకొచ్చిన నికో కొట్టాడు. అవును, పెనాల్టీల ముందు తీసేసిన ఆ నికోయే. స్పెయిన్ ఏడుకి ఏడు మ్యాచులూ గెలిచి, 15 గోల్స్‌తో కప్పు ఎత్తింది. బంతిని వదిలెయ్యలేదు. బంతి లేనివాడి కాళ్ళకి పని చెప్పింది.

"ఒప్పుకున్నాం, కానీ యమాల్, నికో లాంటివాళ్ళు అన్ని జట్లకీ దొరుకుతారా?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దొరకరు. అలాంటప్పుడు ఒక మిడ్‌ఫీల్డర్‌నో, ఫుల్‌బ్యాక్‌నో పరిగెత్తించాలి. లేదా కావాలనే వెనక్కి వేసి, గోడని ముందుకు రప్పించి, వెనక ఖాళీ సృష్టించుకోవాలి. కార్నర్లు, ఫ్రీకిక్కులు శ్రద్ధగా ప్రాక్టీసు చెయ్యాలి. ఇవేవీ లేకుండా పొజెషన్ ఆట ఆడతాం అంటే మాత్రం, మావాడి మాటే నిజం, ఇంట్లో కూర్చోవడం మంచిది.

ఇంకో ఉదాహరణ చెప్పి ముగిస్తాను. మొరాకో చేతిలో ఓడాక లూయిస్ ఎన్రికే ఉద్యోగం పోయింది. ఆ తర్వాత పారిస్ సాన్ జెర్మాన్ కోచ్ అయ్యాడు. 2025 మే 31న మ్యూనిక్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇంటర్ మిలాన్ మీద 5-0తో గెలిచాడు. మనిషి మారలేదు, బంతి మీద మమకారం మారలేదు. మొదటి గోలు ఎలా వచ్చిందో చూడండి. వితిన్యా గోడ మధ్యలోంచి ఒక పాసు పంపాడు, డూయే అందుకుని పక్కకి నెట్టాడు, గోలు ముందు ఖాళీగా నిలబడి లోపలికి తోసినవాడు ఒక రైట్ బ్యాక్. తన చోటు వదిలి, బంతి వస్తుందో రాదో తెలియకుండా, అక్కడిదాకా పరిగెత్తుకుంటూ వచ్చాడు.

వాడి పేరు హకీమీ. మొదట్లో చెప్పానే, ఖతార్‌లో ఆఖరి పెనాల్టీ కొట్టి ఇదే కోచ్‌ని ఇంటికి పంపినవాడు.

ఇది చెబితే మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే నువ్వు గెలిచినట్టా, నేను గెలిచినట్టా?" అన్నాడు. డ్రా అన్నాను. పెనాల్టీలకి మాత్రం రాను అని కూడా చెప్పాను :-)

ఈసారి మీరు మ్యాచ్ చూసేటప్పుడు ఒక పని చెయ్యండి. తెర మీద మూలన పడే పొజెషన్ శాతం చూడకండి. బంతిని కూడా కాసేపు వదిలెయ్యండి. పాసు వెళ్ళాక ఎదుటి డిఫెండర్ని చూడండి. వాడు వెనక్కి తిరిగి తన గోలు వైపు చూడాల్సి వచ్చిందా? వస్తే అది కూత. రాకపోతే షికారు.